ఒకే వాకిట రెండు రసాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంకాలం కళాశాలలు విడిచే వేళకు వీధి మొగన మిరపకాయ బజ్జీల బండి చుట్టూ పిల్లలు మూగుతారు. ఒకనాడు జీర్ణక్రియ పాఠం ముగించి ఇంటికి పోతున్న నన్ను, ఆ బండి దగ్గరే ఒక విద్యార్థి ఆపాడు. చేతిలో సగం తిన్న బజ్జీ ఉంది.

"సార్, క్లోమరసం మాంసాన్ని సైతం కరిగిస్తుందని చెప్పారు. క్లోమం కూడా మాంసమే గదా! మరి అది తన్ను తానే ఎందుకు కరిగించుకోదు?" అని అడిగాడు.

ఇది చాలా మంచి ప్రశ్న. ఏ గ్రంథి ఏ రసాన్ని స్రవిస్తుందో, ఆ రసంలో ఏ ఎంజైము ఉంటుందో పాఠ్యపుస్తకాల్లో పట్టిక వేసి ఉంటుంది. విద్యార్థులు దానిని కంఠస్థం చేస్తారు. కాని జీర్ణక్రియలోని అసలు విశేషం ఆ పట్టికలో కనిపించదు. రసం ఎంత బలమైనదన్నది ఒక్కటే ముఖ్యం కాదు. అది ఎక్కడ, ఎప్పుడు పనికి పూనుకోవాలన్నది అంతకంటె ముఖ్యం. ఆ కట్టుబాటు తప్పితే అన్నం అరగకపోవడమే కాదు, ప్రాణానికే ముప్పు వస్తుంది. ఈ సంగతిని రుజువు చేసిన పరిశోధనల్లో ఒకటి మన హైదరాబాదులోనే, దిల్‌సుఖ్‌నగర్‌కు ఎంతో దూరం లేని హబ్సిగూడలో జరిగింది. అక్కడికి చేరేలోపల ఆ కుర్రవాడి చేతిలోని బజ్జీ వెంట మనమూ కొంతదూరం ప్రయాణం చేద్దాం.

చిన్నప్రేవు గుమ్మం దగ్గర

బజ్జీలో మనకు కావలసిన మూడు రకాల ఆహారపదార్థాలూ ఉన్నాయి. శనగపిండిలో పిండిపదార్థమూ, మాంసకృత్తులూ ఉన్నాయి. అది పీల్చుకున్న నూనె కొవ్వుపదార్థం. నోటిలోని లాలాజలం పిండిపదార్థాన్ని కొంచెం విడగొడుతుంది. జీర్ణాశయంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ, పెప్సిన్ అనే ఎంజైమూ మాంసకృత్తులను కొంతవరకు ముక్కలు చేస్తాయి. కొన్ని గంటలపాటు ఇట్లా చిలికిన మీదట బజ్జీ పుల్లని జావగా మారుతుంది.

ఈ జావ జీర్ణాశయం నుంచి కొద్దికొద్దిగా చిన్నప్రేవులోకి దిగుతుంది. చిన్నప్రేవు పొడవు సుమారు 6 మీటర్లు. అందులో మొదటి 25 సెంటీమీటర్ల భాగాన్ని ఆంత్రమూలం అంటారు. అది కొడవలిలా వంగి ఉంటుంది. ఆ వంపులో క్లోమం తల ఆనించుకొని పడుకొని ఉంటుంది.

ఇక్కడ శరీరానికి మూడు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, వచ్చిన జావ మిక్కిలి ఆమ్లయుతమైనది. ప్రేవు గోడ దానికి తాళలేదు, ప్రేవులోని ఎంజైములు అంత పులుపులో పనిచేయలేవు. రెండవది, నూనె నీటిలో కలవదు. ఎంజైములన్నీ నీటిలో ఉండేవి. మూడవది, పిండిపదార్థాల, మాంసకృత్తుల అణువులు ఇంకా పెద్దవి. ప్రేవు గోడగుండా రక్తంలోకి పోలేవు. ఈ మూడు చిక్కులనూ విప్పేవి కాలేయం, క్లోమం. ఆహారం వీటిలో దేనిలోకీ పోదు. ఇవే తమ రసాలను ఆహారం దగ్గరకు పంపుతాయి.

ఎంజైము లేని రసం

కాలేయం మన శరీరంలో అన్నిటికంటె పెద్ద గ్రంథి. పెద్దవారిలో దాని బరువు సుమారు కిలోన్నర. కుడివైపు పక్కటెముకల చాటున ఉంటుంది. ఇది రోజుకు 600 నుంచి 1000 మిల్లీలీటర్ల వరకు పైత్యరసాన్ని తయారుచేస్తుంది. భోజనానికీ భోజనానికీ నడుమ ఈ రసం పిత్తాశయం అనే చిన్న సంచిలో చేరుతుంది. ఆ సంచిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. అయితే అది రసంలోని నీటిని పీల్చివేసి, దానిని చిక్కపరచి దాచుకుంటుంది.

"పైత్యరసంలోని ఎంజైములు కొవ్వును జీర్ణం చేస్తాయి" అని పరీక్షల్లో ఏటేటా ఎందరో రాస్తుంటారు. ఇది పొరపాటు. పైత్యరసంలో జీర్ణం చేసే ఎంజైములు లేవు. అందులో ఉన్నవి పైత్యలవణాలు, పైత్యవర్ణకాలు మొదలైనవి. పైత్యలవణాల పని ఏమిటో తెలుసుకోవడానికి ఉపాధ్యాయులు తరగతిలో ఈ చిన్న ప్రయోగం చేయించవచ్చు.

రెండు గాజు గ్లాసుల్లో నీరు పోసి, ఒక్కొక్కదానిలో చెంచాడు నూనె వేయండి. ఒకదానిలో మాత్రం కొంచెం కుంకుడుకాయ రసం కలపండి. రెండింటినీ బాగా గిలక్కొట్టి కదలకుండా ఉంచండి. ఉత్త నీటిలోని నూనె కొద్దిసేపటికే పైకి తేలి తెట్టెకడుతుంది. కుంకుడురసం కలిపిన నీరు మాత్రం పాలవలె తెల్లగా చాలాసేపు నిలుస్తుంది. నూనె సన్నని బిందువులుగా చెదిరి, మళ్ళీ కలిసిపోకుండా ఉండడమే ఇందుకు కారణం. తలకు అంటిన నూనెను కుంకుడురసం వదిలించేదీ ఇట్లాగే. ప్రేవులో పైత్యలవణాలు చేసే పని కూడా ఇదే. దీనిని ఎమల్సీకరణం అంటారు.

ఇందువల్ల లాభమేమిటి? చిన్న లెక్క వేసి చూడండి. భుజం 1 సెంటీమీటరు ఉన్న ఘనానికి ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 1 మిల్లీమీటరు భుజం ఉన్న ఘనాలుగా కోస్తే 1000 ముక్కలవుతాయి. వాటి మొత్తం వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు భుజం ఉండే ముక్కలుగా కోయగలిగితే మొత్తం వైశాల్యం 6 చదరపు మీటర్లు, అనగా ఒక చిన్న గది నేలంత! కొవ్వును విడగొట్టే ఎంజైము నూనెబొట్టు పైభాగాన మాత్రమే పనిచేయగలదు. కాబట్టి పైభాగం పెరిగినకొద్దీ పని వేగంగా సాగుతుంది.

పని ముగిసిన పైత్యలవణాలను శరీరం పారవేయదు. వాటిలో సుమారు 95 శాతాన్ని చిన్నప్రేవు చివరిభాగం తిరిగి పీల్చుకొని, రక్తంద్వారా కాలేయానికి చేరవేస్తుంది. ఒకే లవణం ఇట్లా రోజుకు ఎన్నోమార్లు చుట్టివస్తుంది.

క్లోమం చేసే పని

క్లోమం జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 100 గ్రాములకు మించదు. రక్తంలోకి ఇన్సులిన్‌ను విడిచేది ఇదే అని అందరికీ తెలుసు. కాని క్లోమంలో ఎక్కువ భాగం జీర్ణరసాన్ని తయారుచేయడంలోనే నిమగ్నమై ఉంటుంది. అది రోజుకు లీటరు నుంచి లీటరున్నర వరకు రసాన్ని ఇస్తుంది. తన బరువుకు పదిరెట్లకు పైబడిన రసాన్ని దినదినమూ ఇచ్చే గ్రంథి ఇది!

ఈ రసంలోని బైకార్బొనేట్ క్షారం. అది జావలోని ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. దానితో మొదటి చిక్కు విడిపోతుంది. రసంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని, లైపేజ్ కొవ్వును, ట్రిప్సిన్ మొదలైనవి మాంసకృత్తులను విడగొడతాయి. ఆపైన ప్రేవు గోడలోని ఎంజైములు మిగిలిన ముక్కలను చక్కెరలుగా, అమైనో ఆమ్లాలుగా పూర్తిగా విడదీస్తాయి. అప్పుడు ఆంత్రచూషకాలు వాటిని పీల్చుకుంటాయి.

కొవ్వు జీర్ణం కావడానికి ఈ రెండు రసాలూ కావాలని మొదట గ్రహింపజేసింది ఒక కుందేలు. మనిషిలో పిత్తనాళం, క్లోమనాళం ఒకేచోట ప్రేవులోకి తెరుచుకుంటాయి. కుందేలులో పిత్తనాళం పైన, క్లోమనాళం చాలా దిగువన తెరుచుకుంటాయి. 1846లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కొవ్వు మేపిన కుందేలు ప్రేవులను పరీక్షించాడు. పీల్చుకున్న కొవ్వుతో తెల్లబడిన సన్నని నాళాలు పిత్తనాళం తెరుచుకొనే చోట అతనికి కనిపించలేదు. క్లోమనాళానికి దిగువన మాత్రమే కనిపించాయి. ఒక్క పైత్యరసంతో పని జరగదనీ, దానికి క్లోమరసం తోడు కావాలనీ అతడు తెలుసుకున్నాడు.

కబురు చేరవేసేది ఎవరు?

ఆహారం ఆంత్రమూలానికి చేరినట్లు క్లోమానికీ, పిత్తాశయానికీ ఎట్లా తెలుస్తుంది? ఈ కబురు నాడులద్వారా మాత్రమే పోతుందని చాలాకాలం అనుకున్నారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కుక్కలో ప్రేవు ముక్కకు చేరే నాడులన్నీ తెంచి, ఆ ప్రేవులో ఆమ్లం పోసి చూశారు. నాడులు లేకున్నా క్లోమం రసాన్ని స్రవించింది. పిమ్మట ప్రేవు లోపలిపొరను గీకి తీసి, ఆమ్లంతో నూరి, ఆ ద్రవాన్ని రక్తంలోకి ఎక్కించారు. అప్పుడూ క్లోమం స్రవించింది. కబురు తెచ్చే పదార్థం ప్రేవులో పుట్టి రక్తంలో ప్రయాణిస్తున్నదని తేలిపోయింది. దానికి సెక్రెటిన్ అని పేరుపెట్టారు. ఇటువంటి వార్తావహులకు "హార్మోను" అనే మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

ఆమ్లం తగిలితే సెక్రెటిన్ పుట్టి, క్లోమంనుంచి క్షారాన్ని రప్పిస్తుంది. కొవ్వు, మాంసకృత్తుల ముక్కలు తగిలితే కోలిసిస్టోకైనిన్ అనే మరొక హార్మోను పుడుతుంది. అది పిత్తాశయాన్ని ముడుచుకొనేటట్లు చేస్తుంది. క్లోమంనుంచి ఎంజైములను రప్పిస్తుంది. రెండు నాళాలకూ ఉమ్మడి వాకిలి వద్దనున్న కండరపు కట్టును సడలిస్తుంది. అనగా ఏ సరుకు వచ్చిందో దానికి తగిన రసమే, తగినంతగా వస్తుందన్నమాట.

అగ్గిపుల్ల ఒకచోట, మందుపట్టీ ఒకచోట

ఇప్పుడు బజ్జీబండి దగ్గరి ప్రశ్నకు వద్దాం. క్లోమం తన్ను తాను ఎందుకు కరిగించుకోదు?

క్లోమంలో ట్రిప్సిన్ తయారుకాదు. తయారయ్యేది ట్రిప్సినోజెన్ అనే నిద్రాణమైన పదార్థం. అది మాంసకృత్తులను ఏమీ చేయలేదు. అది నాళంగుండా ప్రవహించి ఆంత్రమూలానికి చేరిన మీదట, ప్రేవు గోడలోని ఎంటెరోకైనేజ్ అనే ఎంజైము దానిలోనుంచి ఒక చిన్న ముక్కను తుంచివేస్తుంది. అప్పుడు అది ట్రిప్సిన్‌గా మేల్కొంటుంది. మేల్కొన్న ట్రిప్సిన్ తక్కిన ట్రిప్సినోజెన్‌నూ, మాంసకృత్తులను విడగొట్టే ఇతర ఎంజైములనూ లేపుతుంది. ఎంటెరోకైనేజ్‌ను 1899లో రష్యాలో పావ్‌లోవ్ ప్రయోగశాలలో కనుగొన్నారు.

అగ్గిపుల్ల తలకు ఉన్న మందు దానంతట అది మండదు; పెట్టె పక్కనున్న పట్టీకి గీస్తేనే మండుతుంది. శరీరం పుల్లలను క్లోమంలో చేస్తుంది, పట్టీని ప్రేవు గోడకు అంటిస్తుంది. రెండూ కలిసేది ఆహారం ఉన్నచోటనే.

అయినా ఎప్పుడో ఒకటి రెండు అణువులు క్లోమంలోనే తొందరపడి మేల్కొనవచ్చు. అందుకని క్లోమం మరొక జాగ్రత్త తీసుకుంటుంది. ట్రిప్సిన్‌ను పట్టి బంధించే ఒక చిన్న మాంసకృత్తును కూడా తయారుచేసి తన రసంలో కలుపుతుంది. దీనిని 1948లో కజాల్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ వేరుచేసి చూపారు. ఈ కాపలాదారును తయారుచేసే జన్యువును నేడు స్పింక్-1 అంటారు.

హబ్సిగూడలో దొరికిన ఆధారం

కాపలాదారు లోపిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న మన దేశానికి చాలా ముఖ్యమైనది. దక్షిణ భారతంలో మద్యం ముట్టని యువకులకు, ఒక్కొక్కప్పుడు పిల్లలకు సైతం, క్లోమం క్రమంగా పాడైపోయే వ్యాధి ఒకటి ఉంది. క్లోమనాళంలో సున్నపురాళ్ళు ఏర్పడతాయి. కడుపులో భరించరాని నొప్పి వస్తుంది. తిన్న కొవ్వు అరగక మలంలో జిడ్డుగా పోతుంది. తరువాత మధుమేహం వస్తుంది. 1960ల్లో కేరళలో గీవర్గీస్ అనే వైద్యుడు ఇటువంటి రోగులను ఎందరినో పరిశీలించి లోకానికి తెలియజేశారు. పోషకాహార లోపమే కారణమని కొందరు, కర్రపెండలం తినడం కారణమని కొందరు భావించారు.

ఎల్.బి. నగర్ కూడలి నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా పోతే హబ్సిగూడ వస్తుంది. అక్కడ 1977లో స్థాపించిన సి.సి.ఎం.బి. అనే జీవశాస్త్ర పరిశోధనాలయం ఉంది. అందులోని జి.ఆర్. చాందక్, లాల్జీ సింగ్ ప్రభృతులూ, నగరంలోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన వైద్యుడు డి. నాగేశ్వరరెడ్డి ప్రభృతులూ కలిసి ఈ రోగుల జన్యువులను పరీక్షించారు. పాశ్చాత్య దేశాల్లో కొన్ని కుటుంబాలకు వంశపారంపర్యంగా వచ్చే క్లోమవ్యాధికి ట్రిప్సినోజెన్ జన్యువులోని మార్పు కారణమని 1996లోనే తెలిసింది. స్పింక్-1 జన్యువుకూ క్లోమవ్యాధికీ సంబంధం ఉన్నదని 2000లో జర్మనీ పరిశోధకులు చూపారు. మన రోగుల సంగతి ఏమిటి? హైదరాబాదు పరిశోధకులు 2002లో ప్రకటించిన ఫలితం ప్రకారం, వీరిలో తేడా కనిపించింది ట్రిప్సినోజెన్ జన్యువులో కాదు, కాపలాదారు జన్యువులో! ఆ మాంసకృత్తులో 34వ స్థానాన ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట సెరిన్ ఉండడం చాలామంది రోగుల్లో కనిపించింది.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ మార్పు ఉన్న ప్రతివారికీ వ్యాధి రాదు. ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి ఈ మార్పు ఉంటుంది. అది వ్యాధి కలిగే అవకాశాన్ని పెంచుతుంది. ఇతర కారణాలు తోడైనప్పుడు వ్యాధి బయటపడుతుంది. ఇదే బృందం 2006లో కెథెప్సిన్-బి అనే మరొక ఎంజైము జన్యువులోని తేడాలకూ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నట్లు తెలిపింది. ట్రిప్సినోజెన్‌ను క్లోమంలోనే లేపగల శక్తి కెథెప్సిన్-బికి ఉంది.

క్లోమం పాడైనవారికి వైద్యులు ఎంజైముల గొట్టంమాత్రలు ఇస్తారు. జీర్ణాశయంలోని ఆమ్లానికి చెడకుండా, ప్రేవులోనే విచ్చుకొనేటట్లు వాటిమీద పూత ఉంటుంది. వాటిని అన్నంతోబాటే వేసుకోవాలి. ఏ రసమైనా సరైన చోట, సరైన వేళ పనిచేయాలన్న సూత్రమే ఇక్కడ కూడా ఉన్నదని విద్యార్థులు గమనించాలి.

వాకిలి మూసుకుంటే

ఎల్.బి. నగర్ కూడలిలో పైవంతెనలు లేని రోజుల్లో ఒక లారీ అడ్డంగా ఆగితే అన్ని దారులూ ఒక్కసారే స్తంభించేవి. పిత్తనాళమూ క్లోమనాళమూ కలిసే వాకిలి కూడా అట్టిదే. పిత్తాశయంలో ఏర్పడిన రాయి ఒకటి జారివచ్చి ఇక్కడ చిక్కుకుంటే రెండు రసాలకూ అవరోధం కలగవచ్చు. క్లోమరసం వెనుకకు ఎగదట్టి క్లోమానికి వాపు రావచ్చు. పైత్యరసం ప్రేవుకు పోక రక్తంలోకి చేరితే కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి. ఇదీ కామెర్లే.

మా విద్యార్థిని ఒకతె చాలా రోజులు తరగతికి రాలేదు. వాళ్ళ నాన్నగారికి కామెర్లు వచ్చాయట. పసరు మందు కోసం ఊరికి తీసుకుపోయారు. మూడు వారాలు గడిచినా తగ్గలేదు. ఒళ్ళంతా దురద, మలం సుద్దలా తెల్లగా అవుతున్నది. చివరకు ఆసుపత్రిలో పరీక్ష చేస్తే పిత్తనాళంలో రాయి కనిపించింది. నోటిగుండా సన్నని గొట్టం పంపి రాయిని తీసివేశాక ఆయన కోలుకున్నారు. ఆ అమ్మాయి తిరిగివచ్చి తన నోటుపుస్తకం నాకు చూపింది. "మలానికి రంగునిచ్చేది పైత్యవర్ణకం" అని అందులో తన చేతితోనే రాసుకొని ఉంది. "ఇది పరీక్షకోసం అనుకున్నాను సార్" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. తప్పు ఆమెది కాదు, పాఠం చెప్పిన నాది. కలుషితమైన నీటివల్ల వచ్చే ఎ, ఇ రకాల వైరస్ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ రోజుల్లో పసరు పోయించుకున్నవారు పసరే నయం చేసిందని నమ్ముతారు. కాని కామెర్లు ఒక వ్యాధి కాదు, ఎన్నో వ్యాధులకు గుర్తు. మలం తెల్లబడి, మూత్రం చిక్కని పసుపురంగులోకి తిరిగి, దురద పుడితే పైత్యరసం వాకిలి దాటడం లేదని అనుమానించాలి. రాయి గాని, క్లోమం తలలో పెరిగిన గడ్డ గాని అడ్డు కావచ్చు. అప్పుడు పోగొట్టుకొనే ప్రతి వారమూ విలువైనదే. జ్వరమో, కడుపునొప్పో తోడైతే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. గర్భిణులకు ఇ రకం కామెర్లు మిక్కిలి ప్రమాదకరం కాబట్టి వారి విషయంలో ఏ కామెర్లనూ ఉపేక్షించరాదు.

మరి పిత్తాశయాన్నే తొలగించినవారు నూనె ఎట్లా అరిగించుకుంటారని విద్యార్థులు అడుగుతారు. పిత్తాశయం దాచే సంచి మాత్రమే. పైత్యరసాన్ని చేసేది కాలేయం. సంచి లేకపోతే రసం కొద్దికొద్దిగా ఎల్లప్పుడూ ప్రేవులోకి జారుతూనే ఉంటుంది. చాలామంది మామూలు భోజనమే చేయగలుగుతారు.

బజ్జీబండి దగ్గర నన్ను ఆపిన కుర్రవాడికి ఇదంతా చెప్పడానికి మర్నాటి గంట మొత్తం పట్టింది. అంతా విని మరొక ప్రశ్న వేశాడు: "సార్, క్లోమానికి కాపలాదారు ఉన్నాడు సరే. మరి ట్రిప్సిన్ మేల్కొన్న తరువాత ప్రేవు గోడ ఎందుకు కరగదు?" ప్రేవు గోడమీది జిగురుపొర, నాలుగైదు రోజులకోసారి పాతకణాలు రాలి కొత్తకణాలు పుట్టడం, ఇవి ఆ జవాబుకు మొదటి మెట్లు. ఉపాధ్యాయులు ఈ ప్రశ్నను తమ తరగతిలో అడిగి చూడవలసిందిగా కోరుతున్నాను. దానితోబాటు ఆ అమ్మాయి నోటుపుస్తకంలోని వాక్యాన్ని కూడా నల్లబల్లమీద రాసి, అది ఇంట్లో ఎప్పుడు పనికివస్తుందో పిల్లలచేతనే చెప్పించండి.